తౌవూ బరువు

తెల్లారేసరికే సైనిక దళం మైదానంలో ఉంది. తుపాను ఊళ్ళలో సాయం చేసి తిరిగొచ్చిన లారీల బురద ఇంకా కడగలేదు. శాంతి కాపలాకు సినాయి ఎడారికి వెళ్ళబోయే జట్టు సామాను సగమే సర్దారు. ఎన్ని పనులున్నా సార్జంట్ మేజర్ కిటియోనె కసరత్తు మాత్రం మాననివ్వడు. ఆ రోజు మోత పరీక్ష. తోటి సిపాయిని గాయపడ్డవాడిలా భుజాల మీద అడ్డంగా వేసుకుని, రగ్బీ మైదానం ఈ గీత నుంచి ఆ గీత దాకా మోయాలి. దారిలో మనిషి నేల తాకితే ఇక సినాయి ఆశ వదులుకోవలసిందే.

వైద్య విభాగంలో పనిచేసే మకెరెత తన వంతు నెగ్గి, నీళ్ళ డబ్బా పక్కన నిలబడింది. చూపు మాత్రం కార్పొరల్ ఇనోకె మీదే ఉంది.

ఇనోకె అందరికీ కసరత్తు నేర్పేవాడు. అతని ఊరూ ఆమె ఊరూ తౌవూలు, ఒకే మూలపురుషుణ్ణి చెప్పుకునే ఊళ్ళు. తౌవూల మధ్య ఎగతాళి బావామరదళ్ళ ఎగతాళిని మించి ఉంటుంది. ఎంత మాటైనా అనొచ్చు, నోటి దగ్గర ముద్దయినా లాక్కోవచ్చు. పడ్డవాళ్ళు నవ్వాలి. కోపగించుకుంటే ఊరి పరువు తీసినట్టే.

కిందటేడు మూటలతో నడిచే పరీక్షనాడు ఇనోకె ఆమె సంచి అడుగున, నేలలో తవ్విన పొయ్యిలో కాల్చే రాళ్ళు పెట్టాడు. ఆమె చివరి ఎత్తు దగ్గర మోకాలు మెలిపడి కూలిపోయింది. జట్టు ఆమె లేకుండానే సినాయికి వెళ్ళిపోయింది. సంచి విప్పి రాళ్ళు చూసినప్పుడు అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. మకెరెత కూడా నవ్వింది. ఆ తర్వాత అందరూ కలిసి తాగే యంగోనా వేరు కషాయం గిన్నె చుట్టూ కూర్చున్నప్పుడల్లా, తన తౌవూ తనకోసం పొయ్యిరాళ్ళు ఎలా మోసుకొచ్చిందో ఇనోకె కొత్తగా చెప్పేవాడు. ప్రతిసారీ ఆమె నవ్వవలసి వచ్చేది. వాన ముసురు పట్టినప్పుడల్లా మోకాలు సలిపేది. పాలు తోడేసిన గిన్నెలాగా ఆ పగను కదపకుండా ఉంచుకుంది.

ఇనోకె వంతు వచ్చింది. అతను మోయవలసిన డ్రైవరును అప్పుడే లారీతో పంపించేశారు. అంత బరువున్నవాళ్ళను ఎవరినైనా ఎంచుకొమ్మన్నాడు కిటియోనె. ఇనోకె చుట్టూ చూసి, మకెరెత దగ్గర ఆగి నవ్వాడు.

"రా తౌవూ. పొద్దున ఎన్ని చేమదుంపలు మింగావో ముందే చెప్పు, నడుం బిగించుకుంటాను."

"నువ్వే తూచి చెప్పు," అంది మకెరెత.

మోయించుకునేవాళ్ళు కూడా సగం మోస్తారని రోజూ పాఠం చెప్పేది ఇనోకెనే. బెల్టు పట్టుకుని, పొట్ట బిగించి, మోసేవాడి అడుగుతో పాటు ఒళ్ళు కదలనివ్వాలి. తుపానులో కూలిన ఇళ్ళ కింద నుంచి స్పృహ లేనివాళ్ళను మోసుకొచ్చింది గనక, అలా పట్టుకోని మనిషి ఎంత బరువో మకెరెతకు తెలుసు.

మొదట ఆమె బెల్టు గట్టిగానే పట్టుకుంది. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టారు, ఇనోకె ఈల కూడా వేశాడు. మైదానం సగం దాటాక, దించి మళ్ళీ సర్దుకునే వీలు లేని చోట, ఆమె బెల్టు వదిలేసింది. తర్వాత మెడ వాల్చింది, పొట్ట సడలించింది. చివరికి కాళ్ళు కూడా వేలాడేసింది.

ఇనోకె తూలాడు. "పట్టుకోవే తౌవూ," అన్నాడు గొంతు తగ్గించి.

"నాకు స్పృహ లేదు."

"చంపుతావేంటే."

అతని భుజాలు వణకడం ఆమె పొట్టకు తెలుస్తోంది. తలకిందులుగా కనిపిస్తున్న బూట్లు గడ్డిలో అడ్డదిడ్డంగా పడుతున్నాయి. ఇంకొంచెం, అనుకుంది. గీత చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండగా ఇనోకె మోకాళ్ళ మీద కూలాడు. మకెరెత భుజం నేలను తాకింది.

కిటియోనె వచ్చి, అడ్డం ఏమైనా పడ్డావా అని ఆమెను అడిగాడు. ఏమీ చెయ్యలేదని చెప్పింది. అది నిజమే. గాయపడ్డవాడు బెల్టు పట్టుకోడు కదా కార్పొరల్, అని కిటియోనె ఇనోకె ఓడినట్టు రాసుకున్నాడు. మైదానమంతా ఒక్కసారి నవ్వింది. ఇనోకె ముఖం పాలిపోయింది. అయినా నవ్వు తెచ్చుకుని చెయ్యి చాచాడు.

"దెబ్బ కొట్టావు తౌవూ. ఆ రాళ్ళకీ దీనికీ చెల్లు."

అందరూ ఆమె నవ్వు కోసం చూశారు. నవ్వితే ఇది కూడా యంగోనా గిన్నె దగ్గర కథ అయిపోతుంది. ఇనోకెనే చెప్పుకుంటాడు, తన ఓటమిని ముచ్చటగా. ఆ ముచ్చట అతనికి దక్కనివ్వకూడదనుకుంది.

"ఇది ఎగతాళి కాదు కార్పొరల్ గారూ. కోపంతో చేశాను."

"అదేం మాటే తౌవూ?"

"తౌవూ అనకండి. మీకూ నాకూ వరస లేదు."

నవ్వులు ఆగిపోయాయి. ఈ మాట ఊళ్ళకు చేరితే రెండు వైపుల పెద్దలూ ఆచారం ప్రకారం తిమింగలం పన్ను కానుకగా పట్టుకుని క్షమాపణలకు బయల్దేరాలి. ముందు తన ఊరివాళ్ళే తనను చీవాట్లు పెడతారు. ఆ సంగతి మకెరెతకు తెలుసు. కానీ కిందటేడు నవ్వినవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకోవడం, ఇద్దరు ముగ్గురు తల దించుకోవడం ఆమె చూసింది. ఇనోకె చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

కిటియోనె తర్వాతి జంటను పిలిచాడు.

మకెరెత గడ్డి దులుపుకుని డబ్బా ఎత్తుకుంది. మోసి వచ్చినవాళ్ళకు నీళ్ళివ్వడం ఆమె పని. వరసన ఒక్కొక్కరి దగ్గరా ఆగి గ్లాసు నింపింది. గడ్డిలో కూర్చుని రొప్పుతున్న ఇనోకె తలెత్తి చూశాడు. ఆమె అతన్ని దాటి, పక్కవాడి గ్లాసులో నీళ్ళు పోసింది.