ఓదెలు చూడని ఆటలు

బొగ్గు కోసం మెట్లుమెట్లుగా తవ్వుకుంటూ పోయిన ఓపెన్‌కాస్ట్ గని అడుగున పచ్చగడ్డి మొలిచి ఉంది, ఆ గడ్డి మీద సున్నంతో గీతలు గీసి ఉన్నాయి, చుట్టూ ఆకాశం దాకా లేచిన నల్లటి మెట్ల మీద జనం కిక్కిరిసి కూర్చుని ఉన్నారు, సమ్మక్క ఆ జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ కిందికి దిగుతోంది. ఎవరి ముఖమూ ఆనడం లేదు, అయినా అందరూ తెలిసినవాళ్లే అనిపిస్తోంది. దిగేకొద్దీ కింద ఇంకా మెట్లు పుట్టుకొస్తున్నాయి, అయినా ఆయాసం లేదు, మోకాళ్ల నొప్పి లేదు, కొంగు నడుముకు దోపుకుని పెళ్లికాని పిల్లలా దిగుతోంది. అట్టడుగున, గోల్‌పోస్టు వెనకాల, ఒక్కడే గొంతుక్కూర్చుని ఉన్నాడు ఆమె భర్త ఓదెలు.

అతను చనిపోయాడన్న సంగతి ఆమెకు కలలోనూ గుర్తుంది. గుర్తున్నా భయం వేయడం లేదు. అన్నం వేళకు ఇంటికి రాని మనిషి ఎదురైతే వచ్చేపాటి కోపం మాత్రం వస్తోంది.

"గింతసేపా వచ్చేది?" అంటాడు ఓదెలు, చూపు మైదానం మీది నుంచి తిప్పకుండానే. "స్కోరెంత?"

"నన్నడుగుతవేంది? ముందట కూసున్నది నువ్వు గదా."

"నాకు బంతి కనవడుతలేదే సమ్మక్కా. పోరగాండ్లు కనవడుతున్నరు, ఉరుకుతున్నరు, పడుతున్నరు, లేస్తున్నరు. బంతొక్కటే కనవడుతలేదు. జెర నువ్వు జూసి చెప్పు."

సమ్మక్క అతని పక్కన గడ్డిలో కూలబడుతుంది. ఆమెకు బంతి బాగానే కనిపిస్తోంది, ఎండలో పెట్టిన ఇత్తడి బిందెలాగా మెరుస్తూ ఒక కాలి నుంచి ఇంకో కాలికి పోతోంది. ఈ మనిషికి బంతి ఆనకపోవడమేమిటి అని ఆమెకు లోపల కలుక్కుమంటుంది. భూగర్భంలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసి, డ్యూటీ దిగి, ఒంటి మీది బొగ్గు కడుక్కోకుండానే గ్రౌండుకు పరుగెత్తినవాడు. బండారిగూడెం స్పోర్టింగ్ క్లబ్బు గెలిస్తే వీధి మొదట్లోనే ఈల వేసేవాడు, ఓడితే గేటు చప్పుడు కాకుండా లోపలికి వచ్చేవాడు. అన్నం ముందు కూర్చుని ఉల్లిగడ్డ ముక్కల్ని ఆటగాళ్లుగా పేర్చి, ఈడ బ్యాక్ నిలబడ్డడు, ఈడికెల్లి ఫార్వర్డ్ ఉరికిండు అని చెబుతుంటే, తినవయ్యా చల్లారిపోతంది అని ఆమె నవ్వేది. ఒక్కసారి వచ్చి చూడరాదు అని అతను అడగని ఆదివారం లేదు. ఆడ ఆడోళ్లు ఎవలుంటరు అని ఆమె పోలేదు.

"తిరుపతి దగ్గరున్నది బంతి" అంటుంది సమ్మక్క. "మధ్యల ఉన్నడు. ఇద్దరు మీదికొస్తున్నరు. తొందరపడుతలేడు, చూడు, వాండ్లను రానిస్తున్నడు."

"తిరుపతా?" ఓదెలు మొదటిసారి తల తిప్పి ఆమె వైపు చూస్తాడు. "ఆ పొట్టోడా? వాన్ని ఇంక ఆడిస్తున్నరా? వాని ఎత్తుకు నెత్తి మీదికెల్లి పోయే బంతిని ఏం జేస్తడు?"

"నెత్తి మీదికెల్లి ఎందుకు పోతది? ఇప్పుడు మనోళ్లు బంతిని మీదికి లేపుతలేరు. కిందనే ఇచ్చుకుంటున్నరు, చిన్న చిన్న పాసులు."

"విల్సన్ మాట విన్నరన్నట్టు" అంటాడు ఓదెలు. ఆ మాటతో పాటే మబ్బు కమ్మినట్టు మెట్ల మీది జనం మసకబారిపోతారు, గడ్డి కాస్తా గోదావరి ఒడ్డున ఇసుకైపోతుంది, ఆటగాళ్లు చీలమండల లోతు నీళ్లలో చప్పుడు లేకుండా పరుగెత్తుతున్నారు, అది ఇద్దరికీ వింతగా అనిపించదు.

విల్సన్ స్కూల్లో పీఈటీ. ఓదెలు పోయిన ఏడాదే క్లబ్బుకు కోచ్‌గా వచ్చాడు. బంతిని ఎత్తి ముందుకు కొట్టి పొడుగాటి ఫార్వర్డ్‌ను పరుగెత్తించడమే స్పోర్టింగ్ ఆట అని ఓదెలు నమ్మకం, ఆ ఆటతోనే పాత కప్పులన్నీ గెలిచారని అతని వాదన. విల్సన్ వచ్చీరాగానే దాన్ని మాన్పించాడు. నలుగురిలో నిలబెట్టి, మా క్లబ్బును ముంచెతందుకే వచ్చినవ్ సారూ అన్నాడు ఓదెలు. ఆ వచ్చే ఆదివారం మ్యాచ్‌కు తయారవుతూ వాకిట్లో నల్లా దగ్గర పడిపోయాడు. తర్వాత ఏం జరిగిందో అతనికి తెలియదు.

"నాకు అన్నీ చెప్పు" అంటాడిప్పుడు, నీళ్లలో చెయ్యి ఆడిస్తూ. "దాయకు. ముంచిండా?"

"ముంచిండు" అంటుంది సమ్మక్క. "నువ్వు పోయిన ఏడు నిండా మునిగినం. రైల్వేవోళ్ల చేతిల నాలుగు గోల్స్, కొత్తూరోళ్ల చేతిల ఐదు. కింది డివిజన్ల పడ్డం."

ఓదెలు రెండు చేతులతో తల పట్టుకుంటాడు. "నేను జెప్పలే?"

"జెప్పినవ్. ఇంక విను. నీ పేరు మీద రెండు నిమిషాలు మౌనం పాటిస్తమని క్లబ్బోళ్లు నన్ను గ్రౌండుకు పిలిచిన్రు. అది అయినంక ఎల్లిపోదామనుకున్న. ఎటుకెల్లి పోవాల్నో సమజ్ గాలే, అంతల ఆట సురువైంది. ఇగ కూసున్న. సగమాటకు నాకు కోపమొచ్చింది. మన లెఫ్ట్ బ్యాక్ పోరడు ఉన్న జాగ ఇడిసిపెట్టి ముందుకురుకుతున్నడు, ఎనక అంత ఖాళీ, వాండ్లు ఆడికెల్లే వస్తున్నరు. ఎవ్వలు జెప్తలేరు. నేను లేచి ఒర్రిన."

"నువ్వు ఒర్రినవా? గ్రౌండుల?"

"ఏమని ఒర్రాల్నో తెల్వక 'ఓ బిడ్డా, ఎనుకకు రా, దర్వాజ తెరిచి పెట్టినవ్' అని ఒర్రిన. అందరు నవ్విన్రు. పిల్లగాడు మాత్రం ఎనుకకు వచ్చిండు."

ఓదెలు నవ్వుతాడు. బతికున్నప్పటి నవ్వే, భుజాలు ఊగిపోతున్నాయి. ఆ నవ్వుకు ఇసుక మళ్లీ గడ్డి అవుతుంది, జనం మళ్లీ మెట్ల మీదికి వచ్చి కూర్చుంటారు, ఈసారి వాళ్లలో చీరలు కూడా కనిపిస్తున్నాయి.

ఇక ఆమె ఆగదు. ఆడిన ఆటలన్నీ కళ్ల ముందు పరిచినట్టు చెబుతూ పోతుంది. కింది డివిజన్‌లో ఆడినప్పుడు గ్రౌండు సగానికి సగం ఖాళీ అయిందనీ, గోల్‌కీపర్ ఐలయ్య ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే అతని తమ్ముడు ఆ చోట నిలబడ్డాడనీ, ఓడుతూ ఓడుతూనే పిల్లలు ఒకరినొకరు చూసుకోవడం నేర్చుకున్నారనీ చెబుతుంది. వానలో ఆడిన ఒక ఆటలో తమ గోల్ దగ్గరి నుంచి మొదలుపెట్టి అందరి కాళ్లూ తగిలి వెళ్లి పడిన గోల్ గురించి చెప్పేటప్పుడు ఆమె లేచి నిలబడి చేతులతో చూపిస్తుంది. తిరుపతి లేకపోతే ఆ గోల్ లేదంటుంది. పొట్టివాడు కాబట్టే పెద్దపెద్దవాళ్ల మధ్యలోంచి జారిపోతాడంటుంది. ఫార్వర్డ్‌లు మాత్రం ఇంకా గోల్ ముందు కంగారు పడుతున్నారంటుంది. మొన్న విల్సన్ సారు గెలుస్తున్న ఆటలో మంచి బ్యాక్‌ను బయటికి పిలిస్తే తను పోయి గొడవ పెట్టుకున్నానంటుంది.

"సారుతోని కొట్లాడినవా?"

"ఎందుకు కొట్లాడ? ఆయన తప్పు జేసిండు, నేను అడిగిన. ఆయనేమన్నడో తెల్సా? ఓదెలన్న పోయినంక నాతోని కొట్లాడెటోడే లేకపాయె అనుకున్న అన్నడు. ఇంకో మాటన్నడు. ఆ ఏడు అన్న చెప్పింది అబద్ధం కాదు, జల్ది జల్ది మార్వబోయి ముంచిన అన్నడు."

 ఓదెలు చేతిలో గడ్డిపోచను చుట్టలు చుడుతుంటాడు, అది ఎంత చుట్టినా అయిపోవడం లేదు.

"మంచోడే" అంటాడు చివరికి. "నేనే ఇంకో నెల ఉంటే కలిసి చాయ్ తాగెటోన్ని. ఇప్పుడేం నడుస్తున్నది?"

"ఇప్పుడా? ఈ ఏడు అందరికన్న మీద మనమే ఉన్నం. ఇయ్యాల ఆఖరి ఆట. రైల్వేవోళ్లతోని, వాండ్లు గూడ పోయినేడు కింద పడ్డరు. డ్రా అయినా చాలు, మళ్ల పై డివిజన్లకు పోతం."

"అరే!" ఓదెలు మోకాళ్ల మీద లేస్తాడు. "డ్రా చాలా? అయితే అందర్ని ఎనుకకు కూసోవెట్టాలె. బంతి దొరుకుడే ఆలస్యం బయటికి కొట్టాలె. గట్ల పొద్దు గడుపాలె."

"గట్ల కూసుంటే మునుగుతం" అంటుంది సమ్మక్క. "భయపడి ఎనుకకు పోయిన ప్రతిసారి మనం గోల్ తిన్నం. మూడేండ్లు దెబ్బలు తిని నేర్చుకున్నది గీ ఒక్కనాటి కోసం ఇడిసిపెడుతరా? మనం మన ఆటే ఆడాలె."

"మన ఆట" అని ఓదెలు ఆ రెండు మాటల్నీ నోట్లో చప్పరించినట్టు అంటాడు. 

ఇద్దరూ లేచి గోల్‌పోస్టు పక్కగా నడుస్తున్నారు, నడుస్తుంటే కాళ్ల కింద గట్టి సిమెంటు తగులుతోంది, చూస్తే అది తమ వాకిలే, నల్లా దగ్గర నీళ్లు కారుతున్నాయి, గోడ అవతల నుంచి జనం హోరు వస్తూనే ఉంది. ఓదెలు నల్లా కింద కాళ్లు పెట్టి కడుక్కుంటున్నాడు. ఆ రోజూ ఇలాగే కడుక్కుంటున్నాడు.  ఒక మాట అడగడానికే తను ఆ మెట్లన్నీ దిగి వచ్చిందని సమ్మక్కకు ఇప్పుడు తెలుస్తుంది.

"ఆనాడు ఈడికెల్లే నన్ను పిలిచినవ్" అంటుంది. "ఏదో అన్నవ్. కుక్కర్ కూత పెట్టవట్టె, నాకు ఇనరాలే. ఆగు వస్తున్న అన్న. వచ్చేసరికి నువ్వు పడిపోయి ఉన్నవ్. గప్పటిసంది అనుకుంటనే ఉన్న. ఏమన్నవ్?"

ఓదెలు కాసేపు ఆలోచిస్తాడు. నిజంగానే గుర్తు చేసుకుంటున్న ముఖం.

"తువ్వాల ఇయ్యిమన్న" అంటాడు.

"గంతేనా?"

"గంతే. కాళ్లు తడిగున్నయ్ గదా. నువ్వేమనుకున్నవ్?"

"ఏదో పెద్ద మాటేమో అనుకున్న."

"పెద్ద మాటలు మనిద్దరం ఎన్నడన్న మాట్లాడుకున్నమానే?" అంటాడు ఓదెలు. "గవ్వి లేకుంటనే గడిచిపాయె. మంచిగనే గడిచిపాయె."

సమ్మక్క ఏడుస్తున్నాననుకుంటుంది, కానీ వచ్చేది నవ్వు. ఇన్నాళ్లూ గుండెల మీద ఎత్తిపెట్టుకున్న బరువు ఒక తువ్వాలంత తేలికై జారిపోతోంది. ఆమె కింద కూర్చుని కొంగు విప్పి అతని కాళ్లు తుడుస్తుంది, ఒక్కొక్క వేలు మధ్య, మడమల పగుళ్ల వెంట, తీరిగ్గా. పాదాలు వెచ్చగానే ఉన్నాయి. అతను ఆమె తల మీద చెయ్యి వేసి నిలదొక్కుకుంటాడు.

ఇంతలో హోరు పెరుగుతుంది. వాకిలి గోడ ఎప్పుడు పోయిందో పోయింది. ఎదురుగా మైదానమంతా తెరుచుకుని ఉంది, తిరుపతి ముగ్గుర్ని దాటుకుని వస్తున్నాడు, చుట్టూ ఎవరూ లేరు, తలెత్తి చూసి, బంతిని మెల్లగా, దారి తప్పకుండా, సమ్మక్క వైపు తోస్తాడు.

"నాకెందుకిచ్చిండు? నాకు తన్నరాదు" అంటుంది ఆమె.

"కనవడుతున్నదే!" ఓదెలు గొంతు చించుకుని అరుస్తాడు. "బంతి కనవడుతున్నది సమ్మక్కా! వస్తున్నది, వస్తున్నది, సూటిగ నీ కాడికే వస్తున్నది! ఏం జూస్తున్నవే, తన్ను!"

మెట్ల మీది జనమంతా లేచి నిలబడ్డారు. ఆమె కుచ్చెళ్లు ఒక చేత్తో పైకి పట్టుకుంటుంది, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏనాడూ బంతిని తాకని కుడికాలిని వెనక్కి తీసి, ఉన్న బలమంతా పెట్టి తన్నుతుంది.

ఖంగుమని చప్పుడైంది.

సమ్మక్క కళ్లు తెరిచింది. అన్నం తిని ముందు గదిలో కాసేపు నడుం వాల్చింది, కునుకు పట్టేసినట్టుంది. ఎండ ఇంకా గుమ్మంలోనే ఉంది. కుడికాలు మంచం అంచు దాటి బయటికి చాచి ఉంది, బొటనవేలు చురుక్కుమంటోంది. మంచం కాళ్ల దగ్గర పెట్టుకున్న మంచినీళ్ల చెంబు అక్కడ లేదు. అది ఉన్న చోటి నుంచి గచ్చు మీద నీటి చార ఒకటి వంకర లేకుండా గుమ్మం దాకా పోయింది.

మ్యాచ్‌కు తోడు పోదామని వచ్చిన పక్కింటి పోశక్క వాకిట్లో నిలబడి, కాళ్ల దగ్గరికి దొర్లుకొచ్చిన చెంబును వింతగా చూస్తోంది.

"ఏందక్కా గిది? చెంబును ఎవలు తన్నిన్రు?"

"నేనే" అంది సమ్మక్క, లేచి కూర్చుంటూ. "దర్వాజ నడుమ నుంచే వచ్చిందా?"

"నడుమ నుంచే వచ్చింది" అంది పోశక్క.