మూడో వరస ఎలుకలు

తొట్టెలో వేణ్ణీళ్ళు చల్లారేలోపే ఎలుకలు ఖాళీ చేసిన పదకొండో పెట్టె కడిగి బోర్లించింది ఆమె. ఇంకా ఇరవై తొమ్మిది ఉన్నాయి. ప్రయోగశాలలో అందరికీ ఆమె ఎలుకలత్త. ఇరవై ఆరేళ్ళుగా ఈ గదిలో పొట్టు మారుస్తూ, నీళ్ళు నింపుతూనే కూతుర్ని నర్సు చదివించింది, మొగుణ్ణి సాగనంపింది. రెండేళ్ళుగా వేళ్ళ కణుపులు వాచిపోయి, పొద్దున్నే బొత్తాలు పెట్టుకోవడానికే అరగంట పడుతోంది.

పరిశోధన చేసే అమ్మాయి వచ్చింది. ఎలుకలన్నిటికీ కీళ్ళజబ్బు తెప్పించింది తనే. కొన్నిటికి పుట్టుకతోనే ఒక ప్రోటీను లేదు. ఏవి ఏ పెట్టెలో ఉన్నాయో తనకూ తెలియకుండా అంకెలు వేసి, చిట్టా ప్రొఫెసరు బీరువాలో దాచారు. ఈవేళ తీస్తారు. వాటికీ మిగతావాటికీ తేడా లేకపోతే మూడేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

“ఆ లోటున్నవి మూడో వరస పెట్టెల్లోవమ్మా,” అంది అత్త.

“ఎవరు చెప్పారత్తా?”

“ఒకరు చెప్పాలా? మూత తీస్తే, జబ్బున్నా మిగతావి చెంగున లేస్తాయి. ఇవి ఒక కాలు కదిపి, కాసేపాగి రెండోది కదుపుతాయి. పొద్దున్నే నా వాలకమూ అదే. ఇంతకీ ఆ ప్రోటీను చేసే పనేంటి?”

“రక్తంలో కాంప్లిమెంట్ అని ఒక కాపలా మూక ఉంటుంది. ఈ ప్రోటీను దానికి పగ్గం. పగ్గం లేకపోతే ఆ మూక టీ కణాలనే తెల్లరక్తకణాల్ని ఎగదోస్తుంది. అవి రెచ్చిపోయి సొంత కీళ్ళ మీదే పడతాయి. ఇదంతా నా అనుమానం.”

అత్త తన వేళ్ళకేసి చూసుకుంది. “నాకూ పగ్గం తెగిందంటావా?”

“నీదెందుకొచ్చిందో నాకు తెలీదత్తా. ఇందులోంచి మందు రావాలన్నా ఏళ్ళు పడుతుంది.”

“ముందు వాటి సంగతి తేలనీలే.”

టీ కణాలు లెక్కపెట్టాలంటే ఎలుకల ప్రాణం తీయక తప్పదు. అత్త పెట్టెలు ఒక్కొక్కటే మోసుకెళ్ళి ఇచ్చింది. చివరిది చేతిలోంచి జారబోతే పొట్టకు అదిమి పట్టుకుంది. లోపల పాకుతున్న దానికేసి మాత్రం చూడలేదు.

సాయంత్రం చిట్టా తీశారు. లోటున్నవన్నీ మూడో వరసవే. వాటిలో రెచ్చిపోయిన టీ కణాలు మిగతావాటికి రెండింతలు. ఆ మాట చెప్పాలని అమ్మాయి మెట్లన్నీ పరుగున దిగింది.

గదిలో ఎవరూ లేరు. పెట్టెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి.

“పొద్దున్నే ఆఫీసులో కాగితం ఇచ్చేసిందమ్మా,” అన్నాడు కాపలాదారు. “చేతులిక మాట వినట్లేదంది. రేపట్నుంచి రాదు.”

తొట్టె పక్కన కొక్కేనికి ఆమె రబ్బరు తొడుగులు వేలాడుతున్నాయి. లోపల చేతులు లేకపోయినా, కణుపుల దగ్గర ఉబ్బి, వేళ్ళన్నీ ఒక పక్కకు ఒరిగే ఉన్నాయి.