కత్తెర చూపిన వైపు

ఆ పాత కంప్యూటర్ ఆటకు ఇంట్లో ఒకటే షరతు. ఒకరు ఆడుతుంటే రెండోవాళ్లు వీపు తిప్పి కూర్చోవాలి. తెర ఒకటే, రాజులు ఇద్దరు. ఎవరి సైన్యం ఎక్కడ దాక్కుందో రెండోవాళ్ల కంట పడకూడదు. పెళ్లయిన కొత్తలో భార్యాభర్తలిద్దరూ సరదాగా మొదలుపెట్టారు.

ఈ సాయంత్రం మాత్రం సరదా లేదు. ఆయన మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే షాపును యజమాని ఖాళీ చేయమన్నాడు. ఇక పనంతా ఇంటి ముందుగదిలోకి మారాలి. ఆ గదిలో ఆయన అక్క మంచం, కుట్టుమిషను ఉన్నాయి. మొగుణ్ణి వదిలి వచ్చినప్పటినుంచీ ఆవిడకు ఉన్న చోటు అదే. ఏదైనా హాస్టల్ చూసుకోమని ఆవిడకు చెప్పాలి. ఇద్దరికీ నోరు రాలేదు. ఓడినవాళ్లు చెప్పాలని ఆటకు కూర్చున్నారు.

ఆయన వంతు నడుస్తోంది. ఆమె తెరకు వీపు పెట్టి కూర్చుంది. ఎదురుగా మంచం మీద వదిన ఎవరిదో ప్యాంటు అంచు మడిచి కుడుతోంది.

"ఏరా మహారాజా, ఇంకెంతసేపు? మరదలికి నడుం పట్టేస్తుంది."

"యుద్ధం అక్కా! తొందరపెట్టకు."

"యుద్ధమట! బల్బు మార్చమంటే నెల పడుతుంది వీడికి."

అంటూనే ఆవిడ తెరవైపు తొంగి చూసింది. కత్తెర తీసి, మొన మెల్లగా తెర ఎడమవైపుకు తిప్పి, కిందికి వంచింది. కళ్లు ఎగరేసి, చప్పుడు లేకుండా పెదాలతో 'డ్రాగన్లు' అంది.

ఆమె కళ్లు మూసుకోవచ్చు. మూసుకోలేదు.

తన వంతు రాగానే విలుకాళ్లనూ మాంత్రికుణ్ణీ గడి తర్వాత గడిగా ఎడమవైపు బురదనేలలోకి నడిపింది. నిద్రపోతున్న ఆయన డ్రాగన్లు అక్కడే దొరికాయి. అవి పోయాక ఆయన కోటకు కాపలా లేదు. కాసేపట్లో దాని మీద ఆమె జెండా ఎగిరింది.

"అక్కడున్నాయని నీకెలా తెలిసింది?"

"ఊహించాను."

వదిన తల వంచుకుని, నవ్వాపుకుంటూ దారం కొరికింది.

ఆయన లేచాడు. చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. "అక్కా, నీతో ఓ మాట..." అన్నాడు.

"ఓడిపోయినోడి మొహం చూడు! సర్లే, టీ పెడతాను, ఏడవకు." వదిన లేచి, వెళ్తూ వెళ్తూ ఆమె చేతిమీద గిల్లింది. "వాడికి చెప్పకు. నేనెప్పుడూ నీ పక్షమే," అని చెవిలో గుసగుసలాడింది.

ఆమెకు చెవులు కాలిపోయాయి. వదినను ఈ గదిలోంచి పొమ్మనే పని తప్పించుకోవడానికి ఆ వదినే స్వయంగా దారి చూపించింది. తనేమో ఆ దారినే పోయి గెలిచింది.

"ఏమండీ, మీరు కూర్చోండి. నేను దొంగాట ఆడాను. చెప్పాల్సింది నేనే."

వదిన గుమ్మంలో ఆగింది. "అయ్యో, నేనే చూపించాన్రా! దాన్నేం అనకు. ఆటేగా! ఇంతకీ ఏం పందెం కాశారేంటి, ఇద్దరూ అలా మొహాలు వేలాడేశారు?"

ఆయన కిందికి చూస్తున్నాడు. ఆమె మంచం దగ్గరికి వెళ్లి, సగం కుట్టిన ప్యాంటు పక్కకు జరిపింది. కత్తెర ఎక్కడ పెట్టాలో తోచక చేతిలోనే పట్టుకుంది.

"టీ తర్వాత పెడుదువుగాని. ఇలా వచ్చి కూర్చో వదినా."

వదిన ఇంకా నవ్వుతూనే వచ్చి కూర్చుంది.