చేదు సొరకాయ

బీరమ్మ కాలివేలికి పుండయి ఎంతకీ మానడం లేదు. షుగర్ దిగకపోతే వేలు తీసెయ్యాల్సిందేనని డాక్టరు చెప్పినప్పటి నుంచి మొగుడు బీరయ్యకు కంటి మీద కునుకు లేదు. ఉన్న గొర్లు అమ్మేసి యాలాల్ దగ్గర కంది వేసుకుని బతుకుతున్నారు. ఆమె మూలన పడితే ఆ ఇల్లు నడవదు.

తాండూరు సంతలో వేర్లమ్మేవాడొకడు, పరగడుపున సొరకాయ రసం తాగితే షుగర్ దిగుతుందన్నాడు, ఒంట్లో వేడి కూడా లాగేస్తుందన్నాడు. ఊరంతా వండుకు తినే కాయే కదా, అనుమానమెందుకు? కంచె మీద దానంతటదే మొలిచి పాకిన తీగ నుంచి ఒక కాయ కోసి, తురిమి, గుడ్డలో పిండి, గిలాసలో పోసి పెళ్లాం చేతికిచ్చాడు బీరయ్య.

ఆమె ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఇదేం సొరకాయయ్యా, కాకరకాయకు తాతలెక్కున్నది. నాతోని కాదు."

"చేదుంటెనే గదనే షుగర్ సచ్చేది. బెల్లం చాయ తాగి తాగే గిట్లయితివి. ముక్కు మూస్కొని తాగు."

ఆమె నవ్వి, మిగిలింది గటగటా తాగేసింది.

పొద్దెక్కేసరికి వాంతులు, ఆ వెంటే నెత్తురు. ఆమె తమ్ముడు పరశురాం ఆటో తెచ్చి, తాండూరులో కనబడ్డ మొదటి ఆస్పత్రిలో దించాడు. ఏమైందని నర్సమ్మ అడిగితే బీరయ్య, "పొద్దుగాల మందు తాగిందమ్మా" అన్నాడు.

చేలమందు తాగినోళ్లు వస్తూనే ఉంటారక్కడ. ఏ మందని అడిగే తీరిక ఎవరికుంది? ముక్కులోంచి గొట్టం దించి కడుపు కడగడం మొదలుపెట్టారు. గొట్టం నిండా నెత్తురొచ్చింది. మందు డబ్బా తెచ్చారా అని డాక్టరు అరిస్తే, డబ్బా ఎందుకో అర్థంకాక, ఇంట్లో పిండిన సొరకాయ రసమని చెప్పాడు బీరయ్య.

డాక్టరు గొట్టం తీయించి, చేదుగా ఉందా అని అడిగాడు. ఉందని, ఆమె వద్దంటున్నా తనే తాగించానని బీరయ్య ఒప్పుకున్నాడు. చేదెక్కిన సొరకాయ విషమని, అసలే ఒరుసుకుపోయిన కడుపును గొట్టం ఇంకా రాచిందని గొణిగి, డాక్టరు వికారాబాద్ తీసుకుపొమ్మన్నాడు. పరశురాం పక్కనే నిలబడి అంతా విన్నాడు.

అంబులెన్సు అనంతగిరి మలుపులు దాటకముందే బీరమ్మ చేయి చల్లబడింది.

వికారాబాద్‌లో శవాన్ని పోస్టుమార్టం కోతకు తీసుకుపోయారు. పూడూరులో అత్తగారింటి నుంచి బిడ్డ కరుణ వచ్చి, తండ్రి చేయి పట్టుకుని ఏడ్చింది. దూరంగా కూర్చున్న పరశురాం, అమ్మ వద్దంటున్నా ఆ రసం ఎందుకు తాగించాడో ఆయన్నే అడగమన్నాడు.

"అమ్మ వద్దన్నదా, నాయినా?"

"షుగర్ దిగుతదనుకున్న బిడ్డా."

కరుణ అతని చేయి వదిలేసి, పోయి మేనమామ పక్కన కూర్చుంది.