పుట్టింటి చీర బరువు

నేను ఒక కాటాను. పైన పళ్ళెం, ముందు గడియారంలాంటి ముఖం, దాని మీద ఒకటే ముల్లు. నాకు చాదస్తం ఎక్కువ, ముందే చెబుతున్నాను. ఉన్న బరువే చూపిస్తాను, చచ్చినా మాట మార్చను. కాకపోతే పళ్ళెంలో ఏం పెడుతున్నారో చూసుకోవలసింది మనుషులే.

రాజమండ్రిలో ఒక చిన్న కార్ఖానాలో పుట్టి, గోదావరి ఒడ్డునే ఒక మిఠాయి కొట్టులో చేరాను. యజమాని మహా భక్తుడు. పొద్దున్నే నాకు బొట్టుపెట్టి, అగరొత్తి తిప్పి, ఆ తరువాత కాజాలను అట్టపెట్టెతో సహా తూచేవాడు. అట్ట కూడా కాజా ధరకే పోయేది. నాకు ఒళ్ళు మండేది కానీ, నోరు లేదు కదా.

కరెంటు కాటా వచ్చాక నన్ను మూలకు నెట్టారు. అక్కడ నన్ను చూసింది డాక్టర్ హైమవతి. ప్రభుత్వ బోధనాసుపత్రిలో స్త్రీల వైద్య విభాగానికి ఆవిడ పెద్ద. ఆవిడకు ఒకటే దిగులు. కాన్పులో ఎంత రక్తం పోయిందో అందరూ కంటితో చూసి చెప్పేవారు. "ఫరవాలేదు, మామూలే" అనిపించుకున్న తల్లులే కాసేపటికి చేజారిపోయేవారు. రక్తం పీల్చిన గుడ్డలను తూచితే నిజం తెలుస్తుందని ఆవిడ పరిశోధనకు ఒక సంస్థను నిధులు అడిగారు. గుడ్డలు తూచడం కూడా పరిశోధనేనా అని ఆ సంస్థవాళ్ళు తిప్పి పంపారు. "అయితే పాత కాటాతోనే మొదలుపెడతాను" అని ఆవిడ నన్ను కారులో వేసుకుపోయారు. కాజాలు మోసిన పళ్ళెంలో నెత్తురు గుడ్డలా అని మొదట ముఖం చిట్లించాను. ఎందుకో తెలిశాక సిగ్గుపడ్డాను.

పని అంతా రుక్సానాది. పీజీ చదువుతున్న డాక్టరమ్మాయి. కాన్పయ్యాక గుడ్డలను నా మీద పెట్టి, ఆసుపత్రి గుడ్డల బరువు తీసేసి, "మిగిలింది రక్తం" అనేది. కంటి అంచనాకు రెట్టింపు తేలింది. ఆ ఫలితం డాక్టర్ల సభలో చదివితే చప్పట్లు కొట్టారట, ఒక బహుమతి ఫలకం కూడా ఇచ్చారు. వెనక్కి పంపిన సంస్థే ఇప్పుడు మనసు మార్చుకుంది. జిల్లా ఆసుపత్రులన్నిటిలో ఈ పని పెట్టడానికి నిధులిచ్చే ముందు ఒక కమిటీని పంపుతామంది. వెంటనే విభాగం గోడలకు సున్నం వేయించారు. నిజం చూడ్డానికి వచ్చేవాళ్ళకు కూడా మనుషులు ముందు గోడలే చూపిస్తారు.

కమిటీ వచ్చే ముందురోజు పొద్దున అప్పాయమ్మ వచ్చింది. కూతురు మంగాదేవికి నొప్పులు. చేతిలో చీరల మూట. పెట్టడానికి చోటు కనబడక మూట తెచ్చి నా మీద పెట్టింది. నా ముల్లు గిర్రున తిరిగింది. పక్కనే ఉన్న రుక్సానా అది చూసి నిలబడిపోయింది.

"ఈ చీరలెందుకమ్మా?"

"ఆయ్, బిడ్డ పుట్టింటి పాత చీరల్లోనే పడాలండి. మా అమ్మనాటి నేత చీరలండి, మందంగా ఉంటాయి. అందరూ తెచ్చుకుంటారు కదండీ. మీ ఆసుపత్రి గుడ్డ మరీ పలచన."

అవును, అందరూ తెచ్చుకునేవారు. నెత్తుటిలో తడిసి ముద్దయ్యాక ఏది చీరో, ఏది ఆసుపత్రి గుడ్డో ఎవరూ చూడలేదు; తూకంలో తీసేసింది మాత్రం ఆసుపత్రి పలచని గుడ్డ బరువు. చీరల బరువులో చాలాభాగం రక్తం కింద జమ అయిపోయింది. మళ్ళీ అదే అట్టపెట్టె. నాకు బొట్టుపెట్టిన కొట్టువాడు తెలిసి చేశాడు, వీళ్ళు తెలియక చేశారు.

రుక్సానా వెళ్ళి హైమవతిని పిలుచుకొచ్చింది. "రేపు ఈ మాట చెబితే నిధులు రావు మేడమ్. జిల్లాలో పని మొదలే కాదు."

హైమవతి మూటలోంచి ఒక చీర తీసి వేళ్ళతో మందం చూశారు. "తప్పుడు తూకంతో కొట్టువాడికి కాజాలు మిగులుతాయి. మనకేం మిగులుతుందమ్మా? పద, ముందు ఆ చీరలు పొడిగా ఉండగానే తూచు."

మధ్యాహ్నం మంగాదేవి ఆడపిల్లను కన్నది. డ్యూటీ డాక్టరు గుడ్డలు చూసి ఫరవాలేదన్నాడు. రుక్సానా వాటిని నా మీద పెట్టి, పొడి చీరల బరువు తీసేసింది. మిగిలిన రక్తం బరువే ప్రమాదం గీత దాటింది. రుక్సానా ఒక్క పరుగు తీసింది. సూదులు, సెలైను, రక్తం సంచి అన్నీ వచ్చాయి. అప్పాయమ్మ గుమ్మంలో కూలబడి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కింది. దీపాలు పెట్టే వేళకు మంగాదేవి కళ్ళు తెరిచి బిడ్డను అడిగింది.

మర్నాడు కమిటీ ముందు హైమవతి మొట్టమొదట తప్పే చెప్పారు. తరువాత మంగాదేవి సంగతి చెప్పారు. నా స్ప్రింగు బిగుసుకుపోయింది. వాళ్ళు తమలో తాము గొణుక్కుని, మళ్ళీ మొదటినుంచి తూచి చూపించమన్నారు. ఫలకాన్ని హైమవతి తనంతట తానే వెనక్కి పంపేశారు. ఆరు నెలలు రుక్సానా ప్రతి చీరనూ ముందు పొడిగా తూచింది. ఈసారి రెట్టింపు రాలేదు. అయినా కంటి అంచనాకన్నా బాగా ఎక్కువే వచ్చింది, ఆ అంకె నిజం. దానికే నిధులొచ్చాయి. జిల్లా అంతటా కొత్త కరెంటు కాటాలు కొన్నారు. ఫలకం ఉండవలసిన అద్దాల బీరువాలో నన్ను పెట్టారు. పదవీ విరమణ అంటే ఇదే కాబోలు అనుకున్నాను.

మొన్న అప్పాయమ్మ, మంగాదేవి బిడ్డను చూపించడానికి వచ్చారు. ఆ పాత చీర ముక్కలోనే చుట్టి తెచ్చారు. పిల్లను నా మీదే తూచాలని అప్పాయమ్మ పట్టుబట్టింది. రుక్సానా నవ్వి నన్ను బీరువాలోంచి దింపి, బిడ్డకోసం చేతులు చాచింది.

"ఆగండి డాక్టరమ్మా" అంది అప్పాయమ్మ. చీర విప్పి, మడతపెట్టి నా పళ్ళెంలో వేసింది. "ముందు చీర తూచండి."

తూచారు. తరువాత ఆ చీర మీదే పిల్లను కూర్చోబెట్టారు. అది నా ముల్లును పట్టుకోబోయి కేరింతలు కొట్టింది. రుక్సానా వంగి చూసి చీర బరువు తీసేసింది.

"మిగిలిందంతా పిల్లే" అంది.