గైడమ్మ వెనకాల

ఆ ఊరికి రంగులతో వేసిన బొమ్మల కోసమని సొంత భవనం లేదు. కట్టిస్తామని పెద్దలు ఎప్పుడో పునాదిరాయి వేశారు. ఆ రాయి మీద ఇప్పుడు కూరగాయలావిడ గోనెసంచి పరుచుకుని కూర్చుంటుంది. అందుకని ఏ కాలానికి ఏ చోటు ఖాళీగా ఉంటే అక్కడ ప్రదర్శన పెడతారు. ఎండాకాలం నీళ్ల ట్యాంకు కింద చల్లటి గదుల్లో, వానాకాలం మూతబడ్డ బస్సు డిపోలో, చలికాలం సెలవులిచ్చిన బడి గదుల్లో. ఊళ్లో సగం మందికి ఈ సంగతే తెలియదు. తెలిసిన సగానికీ చెప్పింది గైడమ్మే.

గైడమ్మ అంటే నిజంగా గైడు కాదు. మందుల షాపులో కౌంటరు దగ్గర ఉంటుంది. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని, దగ్గుమందు సీసా చేతికిస్తూ, "డిపోలో బొమ్మలు పెట్టారు, చూశారా? దగ్గు తగ్గాకే వెళ్లండి, అక్కడంతా దుమ్ము" అని చెప్పి పంపిస్తుంది. పెళ్లై వచ్చిన కొత్తలో ఆవిడకు ఇల్లు, షాపు, మధ్యలో సందు తప్ప ఊరు తెలియదు. ఒక ఎండాకాలం చల్లగా ఉంటుందని ట్యాంకు కింద గదుల్లోకి దూరింది. బొమ్మలు చూసి, వేరే గుమ్మంలోంచి బయటపడి, దారి తప్పింది. ఆ తప్పిన దారిలో తాళాలు బాగుచేసేవాళ్ల వీధి కనిపించింది, ఇనప బాల్కనీల మేడలు కనిపించాయి, రైలు వంతెన కనిపించింది. అప్పటినుంచి ప్రదర్శనకు ఒక దారిన వెళ్లడం, ఇంకో దారిన రావడం ఆవిడ నియమం. వీధి వాళ్లు ఊరికే పెట్టారా ఆ పేరు!

తోడు మొగుడు. ఆయనకు సెలూన్ ఉంది. సెలూన్‌కి సెలవు రోజున ఆవిడా షాపులో పూట సెలవు పెడుతుంది. ఆవిడ ముందు, ఆయన వెనక. ఆవిడది కాలు నిలవని నడక. "ఏవండీ, ఆ కిటికీ చూశారా?" అని వెనక్కి తిరక్కుండానే కేకేస్తుంది. వెనకనుంచి "ఊఁ" అని వినిపిస్తుంది. ఇన్నేళ్లలో ఆ మనిషి నోట ఒక్క బొమ్మ గురించిగాని, ఒక్క వీధి గురించిగాని ముక్క రాలితే ఒట్టు.

ఈ వానాకాలం ఆ ఊఁ కూడా కరువైంది. "నాకు కుదరదే, నువ్వెళ్లిరా" అన్నాడు. పోయిన కాలమూ ఇదే పాట. సెలవు రోజున కూడా సెలూన్ షట్టరు సగం దించుకుని లోపలే ఉంటున్నాడు. గైడమ్మకు మనసు చివుక్కుమంది. ఇన్నేళ్లూ ఈయన్ని ఊరికే ఈడ్చుకు తిరిగానా, పాపం మొహమాటానికి వచ్చాడా అని కుమిలిపోయింది. ఒంటరిగా చూస్తే ఆవిడకు చూసినట్టే ఉండదు. పక్కన ఎవరో ఒకరు ఊఁ కొట్టాలి, ఆ ఎవరో ఒకరు ఆయనే అయ్యుండాలి. అందుకని గట్టిగా నిర్ణయించేసుకుంది. ఇక డిపోకీ వద్దు, ట్యాంకు కిందకీ వద్దు. ఆయన్ని రమ్మని ప్రాణం తియ్యనూ తియ్యదు.

ఆ నిర్ణయం మీద ఆవిడ షాపు కౌంటరు దగ్గరే మొహం మాడ్చుకుని కూర్చున్న ఒక సెలూన్ సెలవు రోజున, బడి హెడ్‌మాస్టరు తలనొప్పి మాత్రల కోసం వచ్చాడు. వస్తూనే, "అమ్మా, మీ ఆయన నా పరువు తీశాడు" అన్నాడు.

"అయ్యో, ఏం చేశారండీ? చెవి గాని తెగిందా?"

"చెవి తెగినా బాగుండేది. డిపోలో నా బట్టతల తగిలించాడు."

"మీ బట్టతల మీ నెత్తి మీదే ఉంది కదండీ."

"అదేనమ్మా నా ఏడుపు! వెనకాల అంత మైదానం ఉందని నాకే తెలీదు. ఇన్నేళ్లుగా కత్తిరిస్తూ ఒక్క మాట చెప్పకుండా, ఇప్పుడు రంగులేసి ఊరందరికీ చూపిస్తున్నాడు. మా ఆవిడ దూరం నుంచే చూసి, ఇది మీరే అనేసింది."

గైడమ్మ మాత్రలు ఆయన చేతిలో కుక్కి, యజమానిని పూట సెలవడిగి, గొడుగు కూడా తీసుకోకుండా డిపోకి పరుగెత్తింది. దారి పొడుగునా బుర్రలో రెండే మాటలు. ఈయన బొమ్మలేశాడా? నాకు చెప్పకుండా వేశాడా? రెండోదానికే ఎక్కువ మండింది.

బస్సులు కడిగే షెడ్డులో జనం కిక్కిరిసి ఉన్నారు. గోడ నిండా వెనక తలలే. సెలూన్ కుర్చీలో కూర్చున్న మెడలు, చెవులు, సుడులు. పేర్లు లేవు. ఎవరికి వాళ్లు తమ తల ఏదో తెలియక తంటాలు పడుతున్నారు. ఒకాయన ఫోను వెనక్కి పెట్టి తన తలనే ఫొటో తీసుకుని పోల్చుకుంటున్నాడు. ఇంకో ఆయన్ని పట్టుకుని భార్య నిలదీస్తోంది: "రెండు సుడులా! పెళ్లప్పుడు మీ అమ్మగారు ఈ సంగతి చెప్పలేదే!" కోపంగా వచ్చినవాళ్లు కూడా పక్కవాడి తల చూసి నవ్వి, ఆ నవ్వులో తమది మరిచిపోతున్నారు.

సెలూన్‌లో ఉంటానన్న మనిషి ఒక మూల స్టూలు మీద, తప్పు చేసి దొరికినవాడిలా కూర్చున్నాడు. ఆవిణ్ణి చూసి లేచాడు.

"చెబుదామనే అనుకున్నా..."

"ఎప్పుడూ, వచ్చే జన్మలోనా?"

"బాగాలేకపోతే నువ్వేమంటావోనని. ఇన్ని బొమ్మలు చూసిన కళ్లు కదా నీవి."

కోపం సగం జారిపోయింది. మిగతా సగం జాగ్రత్తగా పట్టుకుని గైడమ్మ లోపలి గదిలోకి నడిచింది. అక్కడ జనం లేరు. నాలుగు పెద్ద బొమ్మలున్నాయి. నాలుగింట్లోనూ ఎవరో ఆడమనిషి, వెనకనుంచి, ముడి వేసుకున్న జుట్టుతో. మొదటిదాంట్లో ముడి నల్లగా, నిండుగా ఉంది. ఆమె అవతల తాళాలవాళ్ల వీధి. తర్వాతదాంట్లో ఇనప బాల్కనీలు. ఆ తర్వాత వానలో రైలు వంతెన. చివరిదాంట్లో ముడి చిన్నదైపోయి సగం నెరిసింది, దాని ముందు ఊరు ఊరంతా పరుచుకుని ఉంది. గైడమ్మ వీధులన్నిటినీ ఇట్టే గుర్తుపట్టింది. ఈవిడెవరండీ అని అడగబోయి, ముడిలో పెన్ను కనిపించి, చెయ్యి తన తల వెనక్కి పెట్టి చూసుకుంది.

"ఇవన్నీ మీరు చూశారా?" అంది.

"నీ తల పక్కనుంచి ఎంత కనిపిస్తే అంత. నువ్వు లేకుండా వేసి చూశానే. ఊరు రాలేదు."

"మరి ఒక్కనాడూ ఒక్క ముక్క అనలేదేం?"

"అనాలంటే నువ్వు ఆగాలిగా" అన్నాడాయన నవ్వుతూ. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. అయినా ఆవిడకు చురుక్కుమంది. సిగ్గేసింది, అంతకు మించి పట్టలేనంత సంతోషమేసింది.

"పదండి. ఇవాళ మీరు ముందు నడవండి. ఏ దారిన తీసుకెళ్తారో మీ ఇష్టం."

వాన వెలిసింది. ఆయన ప్రతి మలుపులోనూ బిక్కమొహం వేసి, అటా ఇటా అని ఆలోచించి నడుస్తున్నాడు. చెప్పాలని నోటిదాకా వచ్చినా గైడమ్మ పెదవి కదపలేదు. ఆయన వెనక నడవడం ఆవిడకు ఇదే మొదలు. అప్పుడు చూసింది. ముందు నుంచి ఎప్పుడూ నున్నగా దువ్వి ఉండే ఆ తల, వెనక ఒకవైపు పైకి, ఒకవైపు కిందకి తెగి ఉంది. కాలరు దగ్గర ఒక కుచ్చు అసలు కత్తెర మొహమే చూడలేదు. చెయ్యి వెనక్కి పెట్టి, తడుముకుంటూ, తనకు తనే కత్తిరించుకున్న జుట్టు. ఊరందరి వెనకా నిలబడిన మనిషి వెనక ఇన్నేళ్లూ ఎవరూ నిలబడలేదు.

"ఏవండీ, ఇంటికెళ్లాక కుర్చీలో కూర్చోండి. కత్తెర నాకివ్వండి."

"నీకు రాదే. వంకరటింకరగా చేస్తావు."

"చేస్తే చేశాను. చూసుకునేదాన్ని నేను కదా."