పరిగెత్తి చూపించండి టీచరుగారూ

సూర్యకళ టీచరు నోరు జారింది స్టాఫ్‌రూములో, పెసరట్టు తింటూ ఉండగా.

పాలకొల్లులో ఓ హైస్కూల్లో ఆవిడ చాలా ఏళ్లుగా తెలుగు చెబుతోంది. కాకినాడ బీచ్‌లో టీచర్లకి ఐదు కిలోమీటర్ల పరుగు పెడుతున్నామని ఉపాధ్యాయ సంఘం వాళ్ల దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. డ్రిల్లు మాస్టారు విజయ్ పాల్ దాన్ని పైకి చదివి, ఆడవాళ్లు కూర్చున్న వైపు ఒకసారి చూసి, "మన స్కూలు నుంచి లేడీస్ ఎవరూ లేరని రాసెయ్యనాండి?" అన్నాడు. మాటలో తప్పేమీ లేదు. ఉన్నదంతా ఆ చూపులోనే ఉంది.

"నా పేరు రాయండి" అంది సూర్యకళ.

ఆ తర్వాత మిగిలిన పెసరట్టు పక్కావిడకి ఇచ్చేసింది.

సాయంత్రం మొగుడికి చెప్పింది. లోకనాథ్‌ది కరెంటాఫీసులో ఉద్యోగం. ఏదీ ఓ పట్టాన నమ్మడు.

"నడవడమా, పరిగెత్తడమా?"

"పరిగెత్తడమే."

"వెనకాల ఎవరన్నా తరుముతారా?"

సూర్యకళ ఫోను తీసి రన్నింగ్ బూట్లు వెతకడం మొదలుపెట్టింది.

నిజానికి ఫోనులో వెతకాల్సిన అవసరమే లేదు. బస్టాండు రోడ్డులో రాజరత్నం స్పోర్ట్స్ ఉంది. రాజరత్నం గారు పోయాక ఆయన కూతురు ప్రసన్నకుమారి ఆ కొట్టు చూసుకుంటోంది. బూట్లు, ట్రాక్ ప్యాంట్లు, క్యారమ్ బోర్డులు అన్నీ దొరుకుతాయి. చిక్కల్లా ప్రసన్నకుమారి గొంతుతోనే. చర్చిలో చిన్నప్పట్నుంచీ పాటలు పాడి పాడి మైకు అక్కర్లేని స్థితికి చేరుకుంది. ఆ మధ్య హెడ్మాస్టారు మోకాలికి పట్టీ కొనుక్కున్నారు. మర్నాటికల్లా అది ఏ మోకాలో పిల్లలందరికీ తెలిసిపోయింది. అలాంటి చోటుకెళ్లి, 'నా కొలతకి ట్రాక్ ప్యాంటు చూపించండి' అని అడిగే ధైర్యం సూర్యకళకి లేకపోయింది. ఎవరికీ తెలియకుండా కొనుక్కోవాలనుకుంది. ఫోనులో ఆర్డరు పెట్టేసింది.

పార్సిలు వచ్చింది. బూట్లు చిలకపచ్చ రంగులో ముచ్చటగా ఉన్నాయిగానీ, కాలికి వేళ్లు లేనివాళ్ల కోసం కుట్టినట్టు ముందువైపు కోసుగా ఉన్నాయి. ట్రాక్ ప్యాంటు బొమ్మలో వదులుగా కనబడింది. ఇంటికొచ్చింది మాత్రం ఆరో తరగతి పిల్లకి సరిపోయేది. అది తొడుక్కోవడానికి ఆవిడొక వైపు, లోకనాథ్ ఒక వైపు పట్టుకుని లాగాల్సి వచ్చింది.

"ఇప్పుడు తొడిగాం సరే, తీసేటప్పుడో?" అన్నాడు లోకనాథ్ ఆయాసపడుతూ.

వాపసు పంపిద్దామని చూస్తే ఫోనులో ఎవరో, అసలు మనిషో కాదో, 'మీ ఇబ్బంది మాకు అర్థమైంది' అన్నారు. మాటకి మాట చెప్పడం సూర్యకళకి కొట్టినపిండి. పిల్లల్ని, పిల్లల తల్లిదండ్రుల్ని, ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసర్ని కూడా నోరెత్తనివ్వని మనిషి. ఆవేశంగా నాలుగు వాక్యాలు, వ్యాకరణం ఎక్కడా చెడకుండా టైపు చేసింది. అవతలివారు థాంక్స్ చెప్పి, ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగారు. పార్సిలు తీసుకెళ్లేవాడు ఆవిడ బళ్లో ఉన్నప్పుడు వచ్చి, తలుపు తాళం చూసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత గడువు దాటిపోయిందన్నారు. కోపమంతా కడుపులోనే ఉండిపోయింది. ఎవరిమీద చూపించాలో తెలియలేదు.

సరే, కొన్నాక తప్పుతుందా అని, ఓ రోజు తెల్లారగట్ల అవే తొడుక్కుని, పైన పొడుగాటి కుర్తా వేసుకుని కాలవగట్టు మీద పరుగు మొదలుపెట్టింది. బూటు కరిచింది. పళ్ల బిగువున భరించి బస్టాండు రోడ్డు మీదికి తిరిగేసరికి వెనకాల చర్రుమని చప్పుడైంది. కుర్తా ఉంది కాబట్టి పరువు దక్కింది. గాలి వీస్తే అదీ దక్కేలా లేదు. ఎదురుగా తెరిచి ఉన్నది ఒకే ఒక్క కొట్టు. పొద్దున్నే షటిల్ ఆడేవాళ్లు కాక్‌ల కోసం వస్తారని ప్రసన్నకుమారి పెందలాడే షట్టరు ఎత్తుతుంది.

"అయ్యో టీచరుగారూ! అలా గోడకి ఆనుకుని నించున్నారేంటండీ?"

"కాస్త మెల్లిగా మాట్లాడండి ప్రసన్నగారూ."

"మెల్లిగానే మాట్లాడుతున్నానండీ!"

రోడ్డుకి అవతల టీ కొట్టు చిట్టియ్య తలెత్తి చూశాడు.

ప్రసన్నకుమారి ఇంకేమీ అడగకుండా ఓ తువ్వాలు తెచ్చి టీచరు నడుముకి చుట్టింది. తర్వాత ఆ చిలకపచ్చ బూట్లకేసి చాలాసేపు చూసింది.

"ఎక్కడివండీ ఇవి?"

"చుట్టాలిచ్చారు" అంది సూర్యకళ. జీవితంలో ఆవిడ ఆడిన అబద్ధాలు బహు తక్కువ. వాటిల్లో ఇదే బలహీనమైనది.

"ఎవరండీ ఆ చుట్టాలు? మీమీద వాళ్లకేం కోపమండీ?"

టీచరు స్టూలు మీద కూలబడి ఉన్నదంతా చెప్పేసింది. ప్రసన్నకుమారి నవ్వలేదు. పాత పేపరు నేలమీద పరిచి, టీచరు పాదాన్ని దానిమీద పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసింది. ట్రాక్ ప్యాంటు ముందు ఇచ్చి లోపలికి పంపింది. వదులుగా, జేబులతో, మనిషి తొడుక్కునేలా ఉంది. ఆ తర్వాత డబ్బాలు దించింది.

"బానే ఉన్నాయండి" అంది సూర్యకళ ఓ ఎర్రజత తొడుక్కుని, తొందరగా బయటపడాలని.

"కూర్చుంటే అన్నీ బానే ఉంటాయండి. పరిగెత్తి చూపించండి."

"ఎక్కడ?"

"రోడ్డుమీదండీ. కొట్లో పరిగెత్తితే గోడ గుద్దుకుంటారు కదా."

"నా వల్ల కాదండి. స్కూలు పిల్లలెవరన్నా చూస్తే..."

"నేనూ వస్తాను, పదండి" అని ప్రసన్నకుమారి చీర కుచ్చిళ్లు ఎత్తి దోపింది.

అలా ఆ ఉదయం ఒక తెలుగు టీచరు, ఒక కొట్టు యజమానురాలు బస్టాండు రోడ్డులో పూలకొట్టు దాకా పరిగెత్తి వెనక్కి వచ్చారు. ఒకరి కాళ్లకి కొత్త బూట్లు, ఇంకొకరి కాళ్లకి హవాయి చెప్పులు.

"ఎడమది మడమ దగ్గర లేస్తోందండీ" అన్నాడు చిట్టియ్య, టీ వడకట్టడం ఆపి.

"ఆ ఎర్రవి వొద్దమ్మా, నీలంవి తొడుక్కో" అంది పూలకొట్టు వీరమ్మ. ఆవిడకి బూట్ల గురించి ఏమీ తెలియదు. రంగుల గురించి మాత్రం గట్టి అభిప్రాయాలున్నాయి.

రెండు ఆటోలు ఆగాయి. నీలంవి తొడుక్కుని మళ్లీ పరిగెత్తింది. ఈసారి అందరూ సరేనన్నారు. చుట్టాలకి కూడా చెప్పకుండా చేద్దామనుకున్న పని ఊరందరి సమక్షంలో జరిగిపోయింది.

వారం తిరిగేసరికి నీలం బూట్లు మడమ దగ్గర వదులయ్యాయి. సూర్యకళ దారంతా మాటలు కూర్చుకుంటూ కొట్టుకెళ్లింది.

"ఇదేనా మీరిచ్చిన సరుకు?"

"ఆ రోజు మీరు మందం సాక్సు వేసుకున్నారండీ!"

"వేసుకోమని ఇచ్చిందెవరు?"

"అడిగిందెవరండీ?"

టీ కొట్టు దగ్గర బెంచీ నిండిపోయింది. సూర్యకళ ఫోనులో చెప్పలేక మింగినవి కూడా కలిపి వడ్డించింది. ప్రసన్నకుమారి ఒక్కటీ బాకీ ఉంచుకోలేదు. చివరికి ఆవిడే, "సరేలెండి, కొలత చూడటంలో పొరపాటు నాదేనండి" అని ఇంకో జత తీసి ఇచ్చింది. ఇద్దరికీ గొంతులు ఎండిపోయాయి. చిట్టియ్య టీలు పంపాడు. టీచరుకి ఒళ్లు తేలికపడి, మనసు హాయిగా ఉంది.

ఆ తర్వాత పరుగు మానడం ఆవిడ చేతుల్లో లేకుండా పోయింది. ఓ రోజు ముసురు పట్టిందని ముసుగుతన్ని పడుకుంటే, ఆఫీసుకెళ్తున్న లోకనాథ్‌ని చిట్టియ్య ఆపి, "మేడంగారికి ఒంట్లో బాగోలేదాండీ?" అని అడిగాడు. కాసేపటికి ప్రసన్నకుమారి ఫోను.

"మా బూట్లు ఇంకా ఇంట్లో ఉన్నాయేంటండీ?"

కాకినాడకి ప్రసన్నకుమారి కూడా బయల్దేరింది. అక్కడ ఆవిడ చెల్లెలుంది, ఇద్దరూ ముందురోజే వెళ్లి ఆ ఇంట్లో పడుకున్నారు. పరుగు మొదలయ్యాక ప్రసన్నకుమారి గట్టున ఉండలేకపోయింది. చేతిలో నీళ్ల సీసాతో, హవాయి చెప్పులతో పక్కనే పరిగెత్తుతూ, "ఊపిరి తీసుకోండి టీచరుగారూ! భుజాలు దించండి!" అని కేకలు పెట్టింది. ఆ కేకలకి ముందున్న పెద్దాయన ఒకాయన కూడా భుజాలు దించాడు. విజయ్ పాల్ ఎప్పుడో పూర్తిచేసి, మళ్లీ వెనక్కొచ్చి, చివరి మలుపు నుంచి టీచరు పక్కన పరిగెత్తాడు.

"ఆ రోజు అలా చూశానని ఏమనుకోకండి మేడమ్" అన్నాడు.

"మాట్లాడించకండి, చచ్చిపోతాను" అంది సూర్యకళ.

ఆవిడ వెనకాల ఇంకా నలుగురైదుగురు ఉండగానే గీత దాటింది. అక్కడ నిలబడ్డవాళ్లు ప్రసన్నకుమారి మెళ్లో కూడా ఓ పతకం వేసేశారు. ఆవిడ వద్దనలేదు.

కాకినాడ టీచరొకావిడ కుంటుకుంటూ వచ్చి సూర్యకళ కాళ్లకేసి చూసింది. "ఎంత బావున్నాయండీ! ఎక్కడ కొన్నారు?"

ప్రసన్నకుమారి మొహం వెలిగిపోయింది. నోరు తెరిచింది. ఎందుకో ఆగింది. "మీ ఊళ్లోనే కొనుక్కోండమ్మా" అంది. "మీ వీధిలో కొట్టుంటుంది కదా, అక్కడ."

ఆవిడ వెళ్లిపోయాక సూర్యకళ ఆశ్చర్యంగా, "వచ్చిన బేరం పోగొట్టుకున్నారేంటండీ?" అంది.

"ఏం చెయ్యనండీ? ఆవిడకి బూటు కరిస్తే పోట్లాడ్డానికి పాలకొల్లు దాకా వస్తుందా? వచ్చి పోట్లాడని వాళ్లకి నేనెలా అమ్ముతానండీ?"

ఎండ ఇంకా ముదరలేదు. సూర్యకళ పాదాలు భగభగలాడుతున్నాయి. తిన్నగా సముద్రం వైపు నడిచింది.

"ఆగండాగండి! ఉప్పునీళ్లండీ!" అని ప్రసన్నకుమారి పరిగెత్తుకుంటూ వచ్చి, ఇసకలో వంగి, ఆవిడ బూట్ల లేసులు తనే విప్పింది. టీచరు మోకాళ్ల లోతు దాకా అలల్లోకి దిగిపోయి, చిన్నపిల్లలా గెంతుతూ రమ్మని చెయ్యూపింది. ప్రసన్నకుమారి బూట్ల జతని రెండు చేతులతో గుండెకి హత్తుకుని, తడి తగలనంత దూరంలో నిలబడి, "మీరు కానివ్వండీ!" అని అరిచింది.